మూరెడు గుంత

ఆ ఏడు కార్తీకంలో తెల్లాపూర్ అంతా దీపాలు పెట్టుకుంటుంటే మేము ఇంటిల్లిపాదీ గుంతలు తవ్వుకుంటూ కూర్చున్నాం. బోరు గుంతలు కాదు, పునాది గుంతలు కాదు. టమాట మొక్క పెట్టే గుంతలు. మూరెడు లోతు, మూరెడు వెడల్పు. వినేవాళ్ళకు నవ్వులాటగా ఉంటుంది గానీ, రెండు గేటెడ్ కమ్యూనిటీల ప్రహరీల మధ్య ఇరుక్కుపోయిన మా అరెకరం చేను మాకు మిగలడం, మిగలకపోవడం ఆ గుంతల మీదే ఉండింది.

సంగతి ఏమిటంటే, మా మామ రాజయ్య తుంటి ఎముక విరిగి మంచాన పడి ఉన్న రోజుల్లో, చుట్టూ అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళ టిప్పర్లు మా చేనును చెత్తకుండీ చేసుకున్నాయి. పగిలిన టైల్సు, సిమెంటు పెళ్ళలు, వంకర చువ్వలు, థర్మాకోలు ముక్కలు. మా వైపు దాన్నంతా కలిపి మలబా అంటారు. పోసినవాళ్ళు ఊరికే పోలేదు, డోజర్ పెట్టి చదును కూడా చేసి పోయారు. మామ కర్ర పట్టుకుని మళ్ళీ నడిచేసరికి చేను గట్టుకన్నా ఎత్తుకు లేచింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ వెంటనే ఒక కంపెనీ కోర్టుకెక్కింది. మామ పెదనాన్న కొడుకు దగ్గర ఆ జాగ తాము కొన్నామనీ, అది ఏనాడూ సాగులో లేని రాళ్ళగుట్ట అనీ, రాజయ్య దాంట్లో నాగలి పెట్టింది లేదనీ వాళ్ళ వాదన. జాగ ఎలా ఉందో కళ్ళారా చూసి చెప్పడానికి కోర్టు ఒక కమిషనర్‌ను పంపుతుందన్నారు.

మా వకీలు పార్థసారథి గారిది భీమవరం వైపు. కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ఆయన ఆఫీసు. మామనూ, నా భర్త సాయిచంద్‌నూ, నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయన ఒకటే మాట చెప్పాడు.

"పొలమని మనం నోటితో ఎంత మొత్తుకున్నా లాభం లేదండీ. కమిషనర్ వచ్చిన రోజున కంటికి పంట కనబడాలి. ఏదో ఒక పంట."

అంటే, చేను చేనే అని చూపించడానికి చేనును మళ్ళీ తయారుచేయాలి. నిజానికి కూడా వేషం కట్టాల్సిన రోజులు వచ్చాయని నాకు ఒళ్ళు మండింది.

సాయిచంద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు క్యాబ్ నడుపుతాడు. పని తొందరగా తెమలాలి అతనికి, అది మాట్లాడటమైనా సరే. తోటకూరో మెంతికూరో జల్లుదాం, నెల తిరిగేసరికి పచ్చగా కనబడుతుందన్నాడు. మామ ఒప్పుకోలేదు.

"అది టమాట చేను. మెహదీపట్నం రైతుబజార్ల రాజయ్య టమాట అంటె ఎర్కలేనోడు లేకుండె. తోటకూర ఏసి దానితోని అబద్ధం చెప్పిపియ్యను" అన్నాడు.

అక్కడితో ఆ ముచ్చట అయిపోయింది. మా ఇంట్లో మామ గట్టిగా అన్న మాట మీద మాట ఉండదు. మెల్లగా అన్న మాట మీద మాత్రం బోలెడు ఉంటుంది.

నారు ఆయనే డాబా మీద పోశాడు. చేపల మార్కెట్ నుంచి తెచ్చిన థర్మాకోలు డబ్బాల్లో మట్టి నింపి, గింజ చల్లి, పాత చీర కప్పి, పొద్దున సాయంత్రం చేత్తో నీళ్ళు చిలకరించేవాడు. అంత ముసలితనంలో ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగేవాడో. తుంటి నొప్పి అని మూలిగే మనిషి నారు దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం మూలగడం మరిచిపోయేవాడు. వద్దని చెబితే, నువ్వు డేకేర్‌లో ఎవరి పిల్లలకో ముక్కులు తుడుస్తున్నావు కదా, నా పిల్లలను నేను చూసుకోవద్దా అని నన్నే ఎకసెక్కం ఆడేవాడు.

గుంతల పని మాత్రం ఆటలు కాదు. గడ్డపార వేస్తే మట్టి చప్పుడు రావాలి. మాకు స్టీలు గిన్నె కిందపడ్డ చప్పుడు వచ్చేది. ఒక పోటుకు టైలు పగిలేది, ఇంకో పోటుకు చువ్వ తగిలి చేతులు జివ్వుమనేవి. సాయిచంద్ డ్యూటీ దిగి వచ్చి తవ్వేవాడు. నేను డేకేర్‌కు పోకముందు ఓ రెండు మూడు గుంతల మలబా తట్టలో ఎత్తి పోసేదాన్ని. మామ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని అజమాయిషీ చేసేవాడు. గుంత అయిందనగానే స్టూలు మీద నుంచి మెల్లగా కిందికి జారి, చెయ్యి లోపలికి దించేవాడు. వేలి కొస అడుగుకు తగిలి, మోచెయ్యి అంచుకు సరిపోతే "అయింది" అనేవాడు. రెండు వేళ్ళు తక్కువైనా మళ్ళీ తవ్వాల్సిందే.

ఒక పొద్దున, అరచేతులు బొబ్బలెక్కి కోపంగా ఉన్నప్పుడు, నేనే అడిగాను.

"మామా, ఎట్లనో తవ్వుతనే ఉన్నం. ఇంకింత తోడితే మన నల్లమట్టే తగుల్తదేమో గద. బయటి మట్టి తెప్పిస్త అంటున్నవ్, ఎందుకు?"

"తగుల్తది, యాడికి పోతది" అన్నాడు. "గని టమాటకు అంత లోతెందుకు బిడ్డా? అదేమన్న తాటిచెట్టా? లోతెక్కువైతె అడుగున నీళ్ళు నిలుస్తయ్, వేరు కుళ్ళుతది. మూరెడంటె మూరెడే."

నాకు కావలసింది కూడా ఆ మాటే. ఆ సిమెంటు పెళ్ళలను ఇంకా లోతుకు తవ్వాలని ఎవరికి సరదా?

తవ్విన గుంతలను వెంటనే నింపనివ్వలేదు ఆయన. కొన్నాళ్ళు ఎండ తగలాలన్నాడు. ఈలోగా శంకర్‌పల్లి నుంచి ఎర్రమట్టి ట్రాక్టర్ దింపించాడు. మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపి, వాసన చూసి, మొదటి ట్రాక్టర్ వాడిని వెనక్కి పంపేశాడు. ఉప్పుమట్టి అట. పెంట ఎరువు విషయంలో సాయిచంద్‌కు చివాట్లు పడ్డాయి. దగ్గర్లో దొరికిందని పచ్చి పేడ బస్తాలు వేసుకుని వస్తే, మామ బస్తా మూతి విప్పి చూసి, "అన్నం ఉడకకముందే వడ్డిస్తవా? పచ్చిపెంట ఏస్తె వేరు కాలుతది" అని తిప్పి పంపాడు. చివరికి ఒక గోశాల వెనక ఏడాదిగా మాగి, పొడిపొడిగా, నల్లగా, మట్టివాసన వేసే ఎరువు దొరికింది. దాంట్లో వేపపిండి, కట్టెల బూడిద కలిపి, సగం గుంత నిండేదాకా తన చేత్తోనే పోశాడు. కోర్టుకు చూపించడానికి ఇంత అవసరమా అని సాయిచంద్ నాతో గొణిగాడు. మామకు వినబడింది. కోర్టు చూసి పోతుంది, మొక్క ఉంటుంది కదరా అన్నాడు.

పొద్దు వాలాక నాటాం. ఎండలో నాటితే మొక్క బెదురుతుందట. గుంత దగ్గర అగరుబత్తి గుచ్చి, కొబ్బరికాయ కొట్టి, మొదటి మొక్క నా చేత పెట్టించాడు. ఇంటి కోడలి చేత్తో పెట్టిస్తే చేను ఇంటిదవుతుందని వాళ్ళమ్మ అనేదట. కింది ఆకులు గిల్లి, మొక్కను మెడ దాకా మట్టిలోకి దించమన్నాడు. కాండం ఎంత లోపలుంటే అన్ని వేర్లు పుడతాయట. నేను మట్టి అదిమి, చుట్టూ పాదు చేసి, చెంబుతో నీళ్ళు పోశాను. మొక్క తల వాల్చేసి ఉంది. రేపటికి లేస్తుంది అన్నాడు మామ. నిజంగానే లేచింది.

ఆ చలికాలం మా ఇంట్లో ఆశ లాంటిది ఒకటి తిరిగింది, ఒప్పుకోవాలి. మొక్కలు బలంగా వచ్చాయి. వాటికి కర్రలు పాతి, పాత చీరల పీలికలతో కట్టాం. పూత వచ్చింది, పిందె పడింది. పక్క కమ్యూనిటీ నుంచి వాకింగ్‌కు వచ్చేవాళ్ళు ఆగి, ఆర్గానికా అని అడిగేవాళ్ళు. మామ ఆ మాట అర్థం కాకపోయినా ఔనని తల ఊపేవాడు. తండ్రీకొడుకులు చాలా కాలానికి ఒకే కంచంలో తింటున్నంత దగ్గరయ్యారు. కేసు పోతుందేమోనన్న భయం పోలేదు గానీ, చేలో ఉన్నంతసేపు అది కొంచెం దూరంగా నిలబడేది.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో కమిషనర్ వచ్చింది. పేరు ఆమని. చిన్న వయసు వకీలు, సాదా కాటన్ చీర, ముఖంలో ఎక్కడా కాఠిన్యం లేదు. ఆమె వెనక కంపెనీ వకీలు, టేపులు పట్టుకున్న మనుషులు. ముందు రోజే పార్థసారథి గారు మామకు వల్లె వేయించాడు. అడిగిందానికే జవాబు చెప్పండి, మాది, మేం పండిస్తున్నాం, అంతే, ఎక్కువ మాట్లాడొద్దండీ అని. మామ కొత్త పంచె కట్టుకుని, బడిపిల్లాడిలా ఆ రెండు ముక్కలూ నోట్లో నానబెట్టుకుని నిలబడ్డాడు.

మొదట అంతా బాగానే జరిగింది. ఆమె హద్దులు చూసింది, ఫొటోలు తీయించింది. ఎవరి పంట అంటే మాది అన్నాడు మామ. ఎవరు పండిస్తున్నారంటే మేమే అన్నాడు. పార్థసారథి గారి ముఖం వికసించింది. కంపెనీ వకీలు గడియారం చూసుకున్నాడు. ఇక వెళ్ళిపోతారనగా ఆమె ఒక మొక్క దగ్గర ఆగిపోయింది. నడుము దాకా పెరిగి, గుత్తులు గుత్తులుగా కాయ పట్టిన మొక్క అది.

"మా బాల్కనీలో ఎన్నిసార్లు వేసినా పూత రాలిపోతుందండీ. మీకింత బాగా ఎలా వచ్చాయి?" అని అడిగింది.

అది కమిషనర్ అడిగిన ప్రశ్న కాదు. టమాట పెంచుకునే ఒక ఆడపిల్ల అడిగిన ప్రశ్న. మా మామ ముఖం నేను చూశాను. తుంటి విరిగిన దగ్గర్నుంచీ ఆయనను అందరూ కాగితాల గురించే అడిగారు. పాసుబుక్కు ఎక్కడ, పహాణీ ఎక్కడ, సంతకం ఎవరిది అని. వ్యవసాయం గురించి ఒక్కరూ అడగలేదు.

"గుంతలనే ఉంటదమ్మా అంత" అని మొదలుపెట్టాడు. "మొక్కను మనమేం పెంచుతం? గుంత పెంచుతది."

ఇక ఆగలేదు. మూరెడు లోతు ఎందుకో చెప్పాడు. ఎండ ఎందుకు చూపించాలో చెప్పాడు. పెంట ఎంత మాగాలో, బూడిద ఎంత వేయాలో, మెడ దాకా ఎందుకు దించాలో చేతులతో అభినయించి చూపించాడు. పార్థసారథి గారు దగ్గాడు. నేను నీళ్ళ చెంబు తెచ్చి, "మామా, జర నీళ్ళు తాగు" అన్నాను. చెంబు తీసుకుని గట్టు మీద పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆమె నిజంగా శ్రద్ధగా వింటోంది, అదే వచ్చిన చిక్కు. పాదులోంచి చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి, మామూలుగానే అడిగింది.

"ఈ ఎర్రమట్టి ఇక్కడిదేనాండీ?"

"ఇక్కడిదా? ఇక్కడ మట్టేడున్నదమ్మా, అంత మలబానాయె" అన్నాడు మా మామ, తన తెలివికి తానే మురిసిపోతూ. "ఇది శంకర్‌పల్లి మట్టి. వాసన జూసి నేనే ఏరి తెప్పిచ్చిన."

కంపెనీ వకీలు గడియారం చూడటం మానేశాడు. ఆమె కిందికి వంగింది. పాదుకు బయట పెన్నుతో నేలను గీకి చూసింది. టైలు ముక్క తేలింది. ఇంకో మొక్క దగ్గర గీకింది. సిమెంటు. ఆమె ముఖంలో టమాట పిల్ల పోయి కమిషనర్ వచ్చింది. అప్పటికి గానీ మామకు తాను ఏం మాట్లాడాడో తెలియలేదు.

"కింద మా నల్లమట్టి ఉన్నదమ్మా. నేను దున్నిన మట్టి. వాళ్ళే పైన పోసిండ్రు" అన్నాడు.

సాయిచంద్ పరుగున వెళ్ళి గడ్డపార తెచ్చాడు. ఇప్పుడే తవ్వి చూపిస్తానన్నాడు. తవ్వడానికి వీల్లేదని కంపెనీ వకీలు అడ్డం వచ్చాడు. పార్థసారథి గారు ఏదో వాదించబోయాడు. ఆమె చెయ్యెత్తింది.

"ఉన్నది ఉన్నట్టు చూసి రాయడం వరకే నా పనండీ. తవ్వించడానికి నాకు ఆర్డర్ లేదు" అంది. ఆ మాట అనడం ఆమెకూ ఇష్టం లేదని నాకనిపించింది.

వెళ్ళేటప్పుడు మామ నాలుగు దోర కాయలు కోసి ఆమె చేతిలో పెట్టబోయాడు. తీసుకోకూడదండీ అని నమస్కారం పెట్టింది. ఆ కాయలు పట్టుకుని ఆయన అక్కడే నిలబడిపోయాడు. సాయిచంద్ గడ్డపార విసిరేసి తండ్రి దగ్గరికి వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. మెల్లగానే అన్నాడు.

"నువ్వు చెప్పాల్సింది చేను గురించి నాయినా. గుంత గురించి కాదు."

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

రిపోర్టులో ఏముందో పార్థసారథి గారు ఫోనులో చెప్పాడు. శిథిలాలతో నింపిన స్థలంలో గుంతలు చేసి, బయటి మట్టి తెచ్చి మొక్కలు పెట్టారనీ, సాగుభూమి ఆనవాళ్ళు కనబడలేదనీ రాసిందట. ఆ పిల్ల ఒక్క అబద్ధం కూడా రాయలేదండీ అన్నాడు నిట్టూర్చి. రాసి ఉంటే బాగుండేది. తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది నాకు.

ఆ జాగలో కంపెనీ అడుగుపెట్టకుండా కోర్టు ఇచ్చిన స్టే శివరాత్రికల్లా పోయింది. చేను చుట్టూ నీలం రేకులు లేచాయి. కాయలు లోపలే ఎర్రబడ్డాయి. పై కోర్టుకు పోవచ్చని వకీలు అన్నాడు గానీ, ఆ మాట ఆయనే నమ్మినట్టు లేదు. మా వెనకింటి కమలమ్మ, తవ్వుకున్న గోతిలో తామే పడ్డారు పాపం అని వీధిలో అంటుంటే నా చెవిన పడింది. మామూలుగా అయితే నేను ఊరుకునే మనిషిని కాదు. ఆ రోజు లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

సాయిచంద్ ఎప్పుడూ రాత్రి డ్యూటీలే వేయించుకుంటున్నాడు. తండ్రి లేచేసరికి పడుకుంటాడు, తండ్రి పడుకునేసరికి పోతాడు. ఇద్దరికీ వేర్వేరుగా వడ్డించడం నాకు అలవాటైపోయింది. డాబా మీద మిగిలిన నారు వాడిపోతుంటే నేను నీళ్ళు పోయబోయాను. వద్దు బిడ్డా, పెట్టే జాగ లేనిదానికి నీళ్ళెందుకు అన్నాడు మామ. నారు ఎండిపోయింది. డబ్బాలు ఇంకా అక్కడే ఉన్నాయి.

ఎండలు ముదిరాక రేకుల లోపల ప్రొక్లెయినర్లు దిగాయి. సెల్లారు తవ్వుతున్నారని తెలిసి, ఒకసారి తీసుకుపో అన్నాడు మామ. వద్దన్నాను. వినలేదు. గేటు దగ్గర కాపలా ఉన్న ఓదెలు మా వైపువాడే, ముసలాయన ముఖం చూసి జాలిపడి, దుమ్ము లేవని చోట నిలబడి చూడమన్నాడు.

గొయ్యి చాలా లోతుకు పోయింది. ఎదుటి గోడ నిట్టనిలువుగా కోసి ఉంది. పైన మలబా, తెల్లగా, పలుకులు పలుకులుగా. దాని కింద నల్లరేగడి. నడుమెత్తున, గొయ్యి ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఎక్కడా తెగకుండా, తడితడిగా ఉంది. దాని కింద మొరం, ఆ కింద రాయి. రాళ్ళగుట్ట అన్న జాగ అది. ప్రొక్లెయినర్ ఆ నల్లమట్టినే ఎత్తి టిప్పర్‌లో పోస్తోంది. దీన్ని ఎక్కడికి తీసుకుపోతారని ఓదెలును అడిగాను.

"యాడ ఖాళీ జాగ కనవడ్తె ఆడ పోసొస్తరక్కా" అన్నాడు.

మామ వినలేదు. గోడలో ఒక చోటుకేసి చూస్తున్నాడు. మా గుంత ఒకటి నిలువునా సగానికి తెగి అక్కడ మిగిలి ఉంది. మలబా మధ్యలో ఎర్రటి మట్టి, అందులో ఎండిన టమాట వేర్లు. గుంత అడుగుకూ నల్లమట్టికీ మధ్య కొంచెం మలబా పొర. మామ చెయ్యి ముందుకు చాపాడు. ఒక కన్ను మూసుకుని, దూరం నుంచే రెండు వేళ్ళ సందులో గుంత లోతు పట్టి, ఆ సందును కిందికి దించి మలబా పొరకు పెట్టి చూశాడు. పొర ఆ మూరెడులో సరిగ్గా సగం.

"జానెడు" అన్నాడు. "ఇంకో జానెడు తియ్యాలుండె, బిడ్డా."

ఆ రోజు నేను అడిగిన మాట ఆయనకు గుర్తుందో లేదో. నేను గుర్తుచేయలేదు. చాపిన చెయ్యి ఆయన ఎంతకీ దించకపోతే, నేనే పట్టుకుని దించి, మెల్లగా రోడ్డు దాటించి ఇంటికి తీసుకొచ్చాను.